ఒక్కసారి కడిగిన గొట్టం

ఇప్పటి ల్యాబుల్లో పని చేసే పిల్లలకు మా కాలం సంగతులు చెబితే ముక్కు చిట్లిస్తారు. కవరు చించి ప్లాస్టిక్ గొట్టం తీసి, ఒకసారి వాడి పారేసేవాళ్ళు మీరు. ఒకే గాజు గొట్టంలో ఇవాళ ఒకరి రక్తం, రేపు ఇంకొకరి మూత్రం పోసి పరీక్ష చేశామంటే మీ ఒళ్ళు జలదరిస్తుంది. జలదరిస్తే జలదరించనివ్వండి, మేమలాగే చేశాం. కడుక్కుని వాడుకున్నాం. కడగడం కూడా ఒక విద్యే. ఆ విద్య వచ్చిన మనిషి మాటను, చదువుకున్నానన్న పొగరుతో పెడచెవిన పెట్టిన ఇంకో మనిషి కథ ఇది. ఆ రెండో మనిషిని నేనే.

ముప్పై ఏళ్ళకు పైగా ల్యాబు టెక్నీషియన్‌గా పని చేశాను. అందులో పదేళ్ళు కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న ఆస్పత్రిలో గడిచాయి. ఊరి పేరూ, ఆస్పత్రి పేరూ చెప్పను. చుట్టుపక్కల భూములున్న పెద్దలు నలుగురు కమిటీగా చేరి కట్టించిన ఆస్పత్రి అది. ఇప్పుడు లేదు. ఆ గదుల్లో ఎవరో వేరుశనక్కాయల మూటలు పెట్టుకుంటున్నారని విన్నాను. అప్పట్లో ముప్పై పడకలు, ముగ్గురు డాక్టర్లు ఉండేవాళ్ళు. ల్యాబులో నేనూ, గొట్టాలు కడిగే ఆయమ్మా ఇద్దరమే.

ఆయమ్మకు యాభై దాటి ఉంటాయి. నాకప్పుడు నలభై లోపు. మూడు మైళ్ళ అవతలి పల్లె నుంచి నడిచి వచ్చేది. చదువు లేదు. ఆస్పత్రి తెరిచిన రోజు నుంచీ గొట్టాలు కడుగుతున్నది ఆమే. అంతకుముందు ఇంకో ఆస్పత్రిలోనూ అదే పని. బట్టల సోడా కలిపిన నీళ్ళలో గొట్టాలను ఉడకబెట్టేది. బ్రష్షుతో లోపల తోమేది. తర్వాత మంచినీళ్ళలో నాలుగుసార్లు జాడించి, చివర డిస్టిల్డ్ వాటర్‌లో ఒకసారి ముంచి, తలకిందులుగా ఆరబెట్టేది. జాడించినప్పుడల్లా గొట్టం అంచును బొటనవేలితో రుద్ది చూసేది. వేలు జారితే సోడా ఇంకా ఉన్నట్టు, కిర్రుమంటే పోయినట్టు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. నా రెండేళ్ళ డిప్లొమాలో కూడా ఈ పాఠం లేదు.

ఆ పనంతా నేల మీద గొంతుక్కూర్చునే చేసేది. సింకు ఉంది. కుళాయిలో నీళ్ళు రావు కాబట్టి అది అలంకారానికే ఉంది. రెండు బకెట్లు, ఒక తొట్టి ముందు పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనేట్టు కూర్చుని గంటల తరబడి తోమేది. లేచేటప్పుడు "యేసయ్యా" అనేది. నేను ఆ మాట వినడానికి అలవాటు పడిపోయి, అందులో నొప్పి ఉందని గమనించడం మానేశాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. వానలు వరసగా ముఖం చాటేసిన కాలం. వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. ఆస్పత్రి బోరు మొదట బురద కక్కింది, తర్వాత గాలి కక్కింది. రోజు మార్చి రోజు ట్యాంకరు వచ్చేది. డిస్టిల్డ్ వాటర్ కాచే యంత్రానికి చల్లబరిచే నీళ్ళు ధారగా పోవాలి కాబట్టి దాన్ని మూలన పెట్టేశాం. కమిటీ సెక్రటరీ అందరినీ కూర్చోబెట్టి, ఎవరి విభాగంలో ఎన్ని బకెట్లు తగ్గిస్తారో చెప్పమన్నాడు. పెద్ద భూస్వామి, రాజకీయాల్లో తిరిగే మనిషి, కానీ ఆ రోజు ఆయన ముఖంలో నిజమైన దిగులే ఉంది. ప్రసవాల గదికి నీళ్ళు చాలడం లేదు.

అందరూ బల్ల వంక చూస్తుంటే నేను లేచాను. గొట్టాలను నాలుగుసార్లు జాడించడం దండగ, ఒకసారి చాలు, రోజుకు ఎనిమిది బకెట్లు మిగులుతాయి అన్నాను. "చూడండప్పా, చదువుకున్న ఆడబిడ్డ ఎట్ల లెక్కేసి చెప్పిందో" అన్నాడు సెక్రటరీ. నేను ఉబ్బితబ్బిబ్బయిపోయాను. మీకు చిన్న విషయంగా అనిపించవచ్చు. మా నాయన ఒక్క చెంబుడు నీళ్ళతో స్నానం ముగించేవాడు. అన్నం పారేసినా తిట్టేవాళ్ళు కాదు గానీ, నీళ్ళు ఒలకబోస్తే వీపు పగిలేది మా ఇంట్లో. అలా పెరిగిన దానికి కడిగిన గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ కడగడం పాపంలాగే తోచింది. తప్పు చేస్తున్నప్పుడు పుణ్యం చేస్తున్నట్టుండటం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

ఆయమ్మ మాత్రం మొదటి రోజే చెప్పింది.

"మేడమ్మా, జారతాండాది. సోడా పోలే."

"జారితే జారనీలే. ఎండలో పెడితే ఆరిపోతాది."

"నీళ్ళు ఆరతాయి గానీ సోడా యాడ ఆరతాదమ్మా? ఆడ్నే కూచుంటాది."

వారం తర్వాత ఒక గొట్టం తెచ్చి కిటికీ వెలుతురుకు పెట్టి చూపించింది. అడుగున తెల్లటి పొర, పాలు ఎండినట్టు. "ఇంగో రెండుసార్లన్నా జాడిస్తా మేడమ్మా. నా తాగే నీళ్ళలోంచి పోసుకుంటాలే" అంది. ఆ రోజు నాకు తలనొప్పి, పైగా బయట యాభై మంది. "నువ్వు నాకు నేర్పొచ్చినావా? చెప్పింది చెయ్" అని కసిరాను. ఆమె గొట్టం తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆరు నెలలు ఏమీ కాలేదు. ఏమీ కాలేదని నేననుకున్నాను. మా ల్యాబులో ఎక్కువగా రక్తం శాతం, మలేరియా స్లైడ్లు, మూత్రంలో చక్కెర. వాటికి ఆ సోడా పెద్దగా అడ్డు రాలేదు. మూత్రాలు మాత్రం చాలామందికి క్షారంగా వచ్చేవి. ఈ గడ్డ మీద తాగే ఉప్పునీళ్ళ మహిమ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కరువు ప్రాంతంలో అన్నిటికీ కరువునే కారణంగా చూపించడం మాకు అలవాటు.

ఆ ఏడే కోస్తా నుంచి ఒక యువకుడు ఎముకల డాక్టరుగా చేరాడు. మర్యాదస్తుడు, అందరినీ గారు అనే మనిషి. సాయంత్రాలు వైద్య పత్రికలు ముందేసుకుని కూర్చునేవాడు. మోకాలు వాచి వచ్చినవాళ్ళకు సూదితో కీలు లోపలి రసం తీసి నాకు పంపేవాడు. అంతకుముందు ఏ డాక్టరూ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు.

"మేడం గారూ, ఈ రసం ఎంత పుల్లగా ఉందో కూడా చూస్తారా?"

పులుపేమిటి, మోకాలేమిటి అన్నట్టు చూశాను. ఆయన బల్ల మీద కాగితం పరిచి బొమ్మ గీశాడు. ఆయమ్మ కూడా చేయి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. కీలు చుట్టూ ఒక సంచి లాంటిది ఉంటుందట. దాని లోపలి పొరలో ఉండే కణాలే కీలుకు జిగురు రసాన్ని ఊరిస్తాయి. కీలు వాచినప్పుడు తెల్లకణాలు దండుగా వచ్చి పడతాయి. అవి చక్కెరను వాడుకుని పులుపును వదులుతాయి, దాంతో రసం ఆమ్లమవుతుంది. చీము పట్టిన కీలులో మరీ ఎక్కువ. ఇంతవరకు పాత సంగతే. కొత్త సంగతేమిటంటే, కణాలకు ఆ పులుపు తెలుస్తుందట.

"నరాల చివర్లలో సన్నని తలుపుల్లాంటివి ఉన్నాయని తేలింది. పులుపు తగిలితే తెరుచుకుంటాయి. అందుకే వాచిన చోట అంత పోటు. కీలు పొర కణాల్లో కూడా అలాంటి తలుపులు ఉన్నాయేమోనని చూస్తున్నారు. ఉంటే మాత్రం, పులుపు అనేది వాపు వల్ల పుట్టిన చెత్త ఒక్కటే కాదు. వాపు ఎటు పోవాలో ఆ కణాలకు చెప్పే కబురు కూడా అదే."

"అయితే మోకాలికీ నాలుకుండాదన్న మాట సార్" అంది ఆయమ్మ.

డాక్టరు నవ్వి, "మా ప్రొఫెసర్లు కూడా ఇంత బాగా చెప్పలేదమ్మా" అన్నాడు. ఆ కబురు అందుకున్న కణాలు వాపును ఎగదోస్తాయా, అణుస్తాయా అని నేనడిగాను. అది ఇంకా ఎవరికీ తెలియదన్నాడు. తెలియదు అని చెప్పగలిగిన డాక్టర్లను నేను నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఆయన మీద నాకు గౌరవం కలిగింది. తన సొంత ఖర్చుతో తెప్పించిన రంగు కాగితాల చుట్ట నాకిచ్చాడు. ఆమ్లమైతే పసుపు, క్షారమైతే నీలం, మధ్యలో ఆకుపచ్చ. మంచి కీలు రసం ఆకుపచ్చ దాటి కొంచెం నీలం వైపు ఉంటుంది, పసుపు తేలితే వెంటనే నాకు చెప్పండి అన్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఆయమ్మ కుంటుతూ వచ్చింది. కుడి మోకాలు వాచింది. చీర మీంచే తెలుస్తోంది. గొంతుక్కూర్చోబోయి, కాలు మడవలేక, గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"నాలుగు దినాల నుంచి ఇట్లే ఉండాది మేడమ్మా. మడిచేకి కాలేదు. రాత్రి పూట నిద్ర లేదు."

నేనే చేయి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మోకాలిని తాకి చూసి, వేడిగా ఉందన్నాడు. ఎక్కడైనా పడ్డావా, దెబ్బ తగిలిందా అని అడిగాడు. లేదంది. ఇన్నేళ్ళు గొంతుక్కూర్చుని చేసిన పని కాబట్టి కీలు అరిగి వాచి ఉండవచ్చు, చీము అయితే మాత్రం కథ వేరు, రసం తీసి చూద్దామన్నాడు. సూది దిగగానే ఆమె కాలు అదిరింది. కొద్దిగానే వచ్చింది, మబ్బుగా. సిరంజి నా చేతికిచ్చాడు.

ల్యాబుకు వెళ్ళి, రాక్‌లో ముందు వరసలో ఉన్న గొట్టం తీసి అందులో పోశాను. ముందు ఇద్దరి రక్తం పని ఉంటే అది ముగించి, తర్వాత గొట్టం చేతిలోకి తీసుకున్నాను. గాజు పుల్లతో రసాన్ని పైకి లేపితే పాకంలా తీగ సాగింది. ఆరోగ్యంగా ఉన్న కీలు రసం అలాగే సాగుతుంది, చెడిపోయింది నీళ్ళలా జారిపోతుంది. మనసు తేలికపడింది. కాగితం ముంచాను. ఆకుపచ్చ, కాస్త నీలం వైపు. మైక్రోస్కోపులో చూస్తే కణాలు పలచగా ఉన్నాయి. కొన్ని అంచులు చెదిరి, మరకల్లా ఉన్నాయి. రంగు వేసిన స్లైడులో క్రిములేమీ కనిపించలేదు. చీము లక్షణాలు లేవు అని రాసి సంతకం చేశాను. అనంతపురం పంపించి క్రిములు పెంచి చూసే పరీక్ష ఒకటుంది. రిపోర్టు ఇంత శుభ్రంగా ఉంటే దానికి ఎవరు పంపుతారు?

మూడు గుర్తులూ అబద్ధమే చెప్పాయి. గొట్టం అడుగున పేరుకున్న సోడా పులుపును విరిచేసింది. చీము కణాలను కరిగించింది. కరిగిన చీము సోడాతో కలిసి జిగురై తీగ సాగింది. చీముకు క్షారం తగిలితే పాకంలా సాగుతుందని పాతకాలపు పుస్తకాల్లో ఒక పరీక్షగానే రాసి ఉంది. నేను చదువుకున్నాను. పరీక్షకు చదివి, మార్కులు తెచ్చుకుని, మరిచిపోయాను.

డాక్టరు నా రిపోర్టు చూసి, కీలులోకి వాపు తగ్గించే స్టెరాయిడ్ సూది వేశాడు. చీము లేని కీలుకు అది మందు. చీమున్న కీలులో వేస్తే, క్రిములతో పోరాడే ఒంటి బలాన్ని మనమే పడుకోబెట్టినట్టు.

మరుసటి రోజు ఆయమ్మ పనికి వచ్చింది. నొప్పి సగం తగ్గిందట. స్టూలు మీద కూర్చుని గొట్టాలు కడిగింది. "మీ చేతి చలవ మేడమ్మా" అంది. నేను ఆ మాటను అలాగే అందుకున్నాను, మొహమాటం కూడా పడలేదు.

సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం ఆమె కూతురు షేర్ ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. కూతురికి ఇరవై రెండు, ఇరవై మూడు ఉంటాయి. శింగనమల దగ్గర పల్లెకు ఇచ్చారు, అక్కడ అంగన్‌వాడీలో పని చేస్తుంది. అమ్మకు జ్వరమని కబురు తెలిసి వచ్చింది. ఆయమ్మ కళ్ళు తెరవడం లేదు. మోకాలు కడవంత ఉంది, చర్మం బిగిసి మెరుస్తోంది. డాక్టరు సూది గుచ్చాడు. ఈసారి సిరంజి నిండా చిక్కటి, పసుప్పచ్చని చీము వచ్చింది. ఆయన సూది మొన నుంచే ఒక చుక్కను రంగు కాగితం మీద వదిలాడు. కాగితం గాఢమైన పసుపుకు తిరిగింది. ఆయన కాగితం నాకు చూపించి, కింద పెట్టాడు.

"ఆయమ్మా, నిజం చెప్పు. మోకాలికి ఏదైనా గుచ్చుకుందా?" అని అడిగాడు.

"కంప ముల్లు సార్... కట్టెలకు పోయినప్పుడు. పిన్నీసుతో తీసేసినా."

"మరి ఆ రోజు దెబ్బ లేదన్నావే?"

"ముల్లు దెబ్బ ఎట్లయితాది సార్?"

కంపలు నరికి పొయ్యి వెలిగించుకునే వాళ్ళకు ముల్లు గుచ్చుకోవడం దెబ్బ కాదు. ఆ సంగతి కోస్తా నుంచి వచ్చిన ఆయనకు తెలియకపోవచ్చు. ఇక్కడే పుట్టిన నాకు తెలుసు. నేను పక్కనే నిలబడి కూడా అడగలేదు.

ల్యాబుకు వెళ్ళి తలుపు వేసుకున్నాను. డబ్బాలో కొన్న డిస్టిల్డ్ వాటర్ కొంచెం ఉంది. రాక్‌లో కడిగి ఆరబెట్టిన గొట్టాల్లో కొన్ని చుక్కలు చొప్పున వేసి కాగితం ముంచాను. నీలం. రెండోదీ నీలం. మూడోది ఆకుపచ్చ. నాలుగోది కారు నీలం. వరసంతా అలాగే, ఒకదానికొకటి పొంతన లేకుండా. నీలం వచ్చిన గొట్టం ఒకటి తీసుకుని, నా సీసాలో తాగడానికి పెట్టుకున్న నీళ్ళతో నాలుగుసార్లు జాడించి, డిస్టిల్డ్ వాటర్‌తో ముగించి, మళ్ళీ ముంచాను. ఆకుపచ్చ. పరీక్ష అంతే. పది నిమిషాల పని. ఆరు నెలల కిందటే, ఆయమ్మ తెల్ల పొర చూపించిన రోజే చేయాల్సింది.  

ఆ సాయంత్రమే ఆమెను అనంతపురం పంపించారు. అక్కడ కీలు కోసి కడిగారు. ఒకసారి చాలలేదు, మూడుసార్లు కోశారు. ప్రాణం దక్కింది. కాలు తీసేయాల్సిన పని కూడా తప్పింది. కానీ కీలు లోపలి మెత్తని ఎముక అప్పటికే కరిగిపోయింది. రెండు ఎముకలూ అతుక్కుపోయి, కాలు కర్రలా నిటారుగా మిగిలింది. కూలి చేసుకునే మనిషికి మోకాలు మడవకపోతే ఏముంది? కలుపు తీయలేదు, కాయ వలవలేదు, పొయ్యి ముందు కూర్చోలేదు. చెంబు పట్టుకుని బయటికి పోవాలన్నా ఇంకొకరు ఆసరా ఉండాలి.

డాక్టరుకు సోడా సంగతి నేనే చెప్పాను.  "వేడిగా ఉందని నా చేతికి తెలిసింది మేడం. నా చేతి మాట వినకుండా కాగితం మాట విన్నాను" అన్నాడు. రెండు నెలల్లో రాజీనామా చేసి తన ఊరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆయమ్మను చూడటానికి వెళ్ళొచ్చాడని తర్వాత తెలిసింది.

నేను సెక్రటరీ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఇక్కడిదాకా నేను కొంచెం మంచిదాన్నే అనుకోండి. ఆయన అంతా విన్నాడు. కోప్పడలేదు.

"ఏమ్మా, నీళ్ళు తగ్గించమనింది నేను. తగ్గిస్తాననింది నువ్వు. ఇప్పుడిద్దరమూ బజారుకెక్కుదామా? కమిటీకి ఏందో ఒగ కాగితం పెట్టల్ల. గొట్టాలు కడిగింది ఎవురు?"

నేను బల్ల వంక చూశాను.

"నువ్వు కడిగినావా?"

"లేదన్నా."

"అంతే గదా. ఉన్న మాటే రాస్తాండాము. అబద్ధమేముండాది ఇందులో?"

గాజు సామాను శుభ్రపరచుటలో సిబ్బంది నిర్లక్ష్యం వలన పరీక్ష ఫలితము తప్పుగా వచ్చినది అని టైపు చేయించి నా ముందుకు జరిపాడు. ఎన్నిసార్లు కడగమన్నారో, ఎవరు చెప్పారో అందులో లేదు. నా ఉద్యోగం, మా ఆయన మగ్గం మూలన పడటం, పిల్లల చదువు, ఎన్ని కారణాలైనా చెప్పగలను. చెప్పను. భయపడ్డాను, సంతకం పెట్టాను. మంచం మీద ఉన్న మనిషిని పనిలోంచి తొలగించారు. నిర్లక్ష్యము వలన అని రాసి, ఆమె పేరు, తండ్రి పేరు, ఊరు పేరుతో సహా మందుల గది పక్కన బోర్డు మీద అంటించారు. అటు పోయేటప్పుడు నేను తల తిప్పుకుని పోయేదాన్ని.

ల్యాబులో మాత్రం మర్నాటి నుంచే నాలుగుసార్లు జాడించే పద్ధతి మళ్ళీ పెట్టాను. ఎవరూ నీళ్ళ లెక్క అడగలేదు. జాగ్రత్త పెంచినందుకు తర్వాతి మీటింగులో నన్ను మెచ్చుకున్నారు కూడా. చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలల తర్వాత శింగనమల బస్సెక్కాను. ఆయమ్మ కూతురింట్లో ఉంటోంది. ఒంటి గది ఇల్లు. గడప పక్కన మంచం. కుడికాలు చాపుకుని కూర్చుని ఉంది, చాపక తప్పని కాలు అది. చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయింది, కూతురు భుజం పట్టుకుని ఆపింది. ఆ పిల్ల నాకు నీళ్ళు ఇవ్వలేదు. మా వైపు ఎంత పగవాళ్ళకైనా నీళ్ళిస్తారు.

నేను ఎదురుగా నేల మీద కూర్చుని, గొట్టం సంగతి, సోడా సంగతి, సంతకం సంగతి మొత్తం చెప్పాను. ఏడ్చాను. ఆయమ్మ ఏడవలేదు.

"నాకు తెలుసులే మేడమ్మా. నా రసం తీసుకోని పోతాండంగానే ఆ గొట్టంలోనే పోస్తావని అనుకున్యా."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు ఆయమ్మా?"

"రెండు మాట్లు చెప్పినా గదమ్మా. మూడో మాటు చెప్పేకి నోరు రాలే."

కూతురు అప్పటిదాకా తలుపుకు ఆనుకుని నిలబడింది. "మేడం, మా అమ్మకు చదివేకి రాదు గదా. బోర్డు మీద ఏం రాసినారో చదువు అని ఆడుండే వాళ్ళు నన్ను ముందుకు నెట్టినారు. నేనే చదివినా. అందురూ వింటాండారు. మా అమ్మకు గొట్టాలు కడిగేకి రాదంట. నా నోటితో నేనే చదివినా" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

ఏం చేయమంటావు ఆయమ్మా, ఏం చేసినా చేస్తాను అన్నాను. ఆమె చాపిన కాలి మీద చేయి వేసుకుంది.

"కాలు యాడ తెస్తావులే. పని గూడా వద్దు, ఈ కాలుతో యాడికి పోయేది. ఆ కాగితం ఒగటి మాత్రం బాగలేదమ్మా. పాతికేండ్లు కడిగినా. నేను కడిగిన గొట్టం పగిలిందనో, మురికుండాదనో ఒగరన్న మాటన్నారా? ఇంగో కాగితం రాసి ఆడ్నే అంటించు మేడమ్మా. నా బిడ్డ పోయి చదువుకోనొస్తాది."

సరేనన్నాను. చేతిలో చేయి వేసి చెప్పాను.

ఆ కాగితం రాశాను. బస్సులోనే మనసులో రాసుకుని, ఇంటికొచ్చి శుభ్రంగా కాపీ చేశాను. మర్నాడు పొద్దున్నే గుండుసూదులు తీసుకుని బోర్డు ముందుకెళ్ళాను. మందుల కోసం జనం వరసలో నిలబడి ఉన్నారు. కాంపౌండరు, నమస్తే మేడం అన్నాడు. నేను నమస్తే అని, కాగితం మడిచి, ల్యాబులోకి వెళ్ళిపోయాను. రేపు అనుకున్నాను. ఆ రేపుల మీదే ఇంకో నాలుగేళ్ళు అక్కడ పని చేశాను.

ఆ ఆస్పత్రి వదిలిన కొన్నేళ్ళకు ఒక శిక్షణ తరగతిలో కీళ్ళ గురించి విన్నాను. మా కోస్తా డాక్టరు చెప్పిన తలుపులు కీలు పొర కణాల్లోనూ ఉన్నాయని తేలిందట. పులుపు తగలగానే అవి తెరుచుకుని, వాపును అదుపులో పెట్టే ప్రయత్నం చేస్తాయని కొందరు ఎలుకల మీద చూశారట. ఇంకా తేలాల్సింది ఉందని కూడా చెప్పారు. పక్కనున్న వాళ్ళు రాసుకుంటున్నారు. నేను రాసుకోలేకపోయాను. కంటికి కనిపించని ఆ కణాలు ఆ నాలుగు రోజులూ తమ పని తాము చేసే ఉంటాయి. పులుపును కనిపెట్టి, కబురు అందుకుని, చేతనైనంత చేసి ఉంటాయి. మైక్రోస్కోపు పెట్టుకుని కూర్చున్న నేనే చీము కాదని రాసిచ్చాను.

టీ విరామంలో బయటికొచ్చి ఆయమ్మ కూతురికి ఫోను చేశాను. అంగన్‌వాడీ నంబరు శింగనమల వెళ్ళినప్పుడే తీసుకుని పెట్టుకున్నాను, అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. అమ్మ ఎట్లుందమ్మా అని అడిగాను. పోయి ఏడాది దాటిందంది. మోకాలి వల్ల కాదట, గుండె. తర్వాత ఆ పిల్లే అంది: "ఉన్నన్ని దినాలు అడిగింది మేడం. కాగితం అంటించినారేమో పోయి చూసిరా అని. రెండు మాట్లు పోయొచ్చినా."

అదీ జరిగింది. ఇప్పటి పిల్లలకు దీంట్లోంచి నీతి తీసి చెప్పే అర్హత నాకు లేదు. మీ దగ్గర గొట్టాలు కడిగేవాళ్ళు ఇప్పుడు లేరు గానీ, నేల తుడిచేవాళ్ళు, పెట్టెలు మోసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు రెండోసారి చెప్పిన మాటను మూడోసారి చెప్పరు. ఇంతకన్నా నాకు తెలియదు.

నేను రిటైరైన రోజు వేరే ఆస్పత్రిలో ఉన్నాను. దండ వేశారు. ఒక్క తప్పు లేని సర్వీసు అన్నారు. ఇంటికొచ్చి ఆ మడిచిన కాగితం తీసి చూసుకున్నాను. మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. అంటించడానికి ఆ బోర్డు ఇప్పుడు లేదు. కూతురు ఎక్కడున్నా, ఎవరి చేతనైనా ఇది ఆమెకు చేరితే చదువుకుంటుందని, అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"గొట్టాలను ఒక్కసారి మాత్రమే జాడించమని ఆయమ్మకు చెప్పింది నేను. సోడా పోలేదని ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. ఆమె తప్పు లేదు. ఆమెకు కడగడం వచ్చు."